కరువుకు కర్తలెవరు? – బెళుగుప్ప నుంచి ఒక పరిశీలన

అనంతపురం జిల్లా కరువును గురించి వచ్చిన రచనలలో అధికభాగం రెండు రకాలుగా ఉన్నవి. మొదటి రకం వానలెక్కతో మొదలై వానలెక్కతోనే ముగుస్తుంది. ఏ సంవత్సరం ఎన్ని మిల్లీమీటర్లు కురిసింది, ఎన్ని కురవవలసి ఉండింది, తరుగు ఎంత – ఇంతే. రెండవ రకం కన్నీటితో మొదలై కన్నీటితో ముగుస్తుంది. ఎండిన చెరువు, బక్కచిక్కిన ఎద్దు, తాళం పడిన ఇల్లు – ఇవి దాని సామగ్రి. ఈ రెండింటిలోనూ మనుషులు కనిపిస్తారు గాని కర్తలు కనిపించరు. "కరువు వచ్చింది" అనే వాక్యంలో కరువే కర్త. తక్కినవారంతా ఆ వాక్యంలో కర్మలు, మహా అయితే విశేషణాలు. ఈ వ్యాకరణాన్నే ప్రశ్నించదలచుకున్నాను. వాన రాకపోవడం ప్రకృతి ధర్మమైతే కావచ్చు. వాన రాని ఏట ఎవరి పొయ్యి ఆరిపోయింది, ఎవరి గాదె నిండింది అనేది మాత్రం చరిత్ర తేల్చవలసిన విషయం.

పరిశీలనకు బెళుగుప్పను ఎంచుకోవడానికి కారణం ఉన్నది. కల్యాణదుర్గానికీ ఉరవకొండకూ నడుమనున్న ఈ మండలంలో ఒకవైపు ఎర్రనేల, మరొకవైపు నల్లరేగడి. ఒకే వాన ఈ రెండు నేలలలో రెండు విధాలుగా పనిచేస్తుంది. జానెడు లోతుకే రాయి తగిలే ఎర్రనేలలో కురిసిన నీరు నాలుగు రోజులు నిలవదు. రేగడి మాత్రం ఆలస్యంగానైనా ఒక మంచి వాన పడితే ఆ పదునును నెలల తరబడి దాచుకుని జొన్ననో పప్పుశనగనో పండించగలదు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను తమవద్దనే ఆపుకుంటాయి. ఈశాన్య ఋతుపవనం తూర్పు తీరంలో కురిసి ఇక్కడికి చేరేసరికి వట్టిపోతుంది. రెండు ఋతుపవనాల విస్తరిలోనూ అంచున కూర్చున్న నేల ఇది. జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు.

అయితే సగటు అనేది పాలకుడికి పనికివచ్చే అంకె. రైతుకు పనికివచ్చేది పదును. జూన్ చివర, జూలైలో గొర్రు కట్టి విత్తితే, ఊడలు దిగి కాయ ఊరే ఆగస్టు నెలలో వాన మొహం చాటేసి, తిరిగి సెప్టెంబరులో దండిగా కురిస్తే, ఏడాది లెక్క సగటును దాటిపోవచ్చు. కాగితం మీద అది మంచి సంవత్సరం, చేనులో పంట ఉండదు. వాన మోతాదు కంటె వాన వేళ ముఖ్యమని ఇక్కడి రైతుకు కార్తెల లెక్కతో సహా తెలుసు. ప్రభుత్వ దస్తరాలు దీన్ని గుర్తించడానికి నూరేళ్లకు పైగా పట్టింది. అంతేకాదు, కరువు నేల కనుక వరద రాదనుకోవడం కూడా పొరపాటే. 1851 తుపానులో అప్పటి బళ్ళారి జిల్లా చెరువులెన్నో తెగిపోయినవి. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం పట్టణంలోని కాలనీలు నీట మునిగినవి. కొరతా, ముంపూ ఒకే కుండలో ఉడుకుతాయి ఇక్కడ.

ఈ సందర్భంలో ఒక అలవాటైన వాదాన్ని తడమవలసి ఉన్నది. "రాయలనాడు రతనాలు రాశులుపోసి అమ్మిన సీమ, ఆంగ్లేయుడు వచ్చి పాడుచేశాడు" అనేది ఆ వాదం. సభల్లో చప్పట్లు కొట్టించడానికి ఇది బాగుంటుంది. విజయనగర కాలంలో, అంతకు కొంచెం ముందూ, ఈ ప్రాంతంలో చెరువుల నిర్మాణం విరివిగా జరిగిన మాట నిజం. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను వివరిస్తుంది. ఆనాటి నీటి శాస్త్రానికి అది గొప్ప సాక్ష్యం. చెరువును మరమ్మతు చేసేవారికి భూమినో, ఫలసాయంలో పదవవంతునో ఇచ్చే దశబంధం పద్ధతి కూడా ఈ సీమలో బాగా పాతుకున్నదే. కాని ఆ చెరువుకట్టకు మన్ను మోసినవారెవరు, కట్టకింది మాగాణి ఎవరి పేరున ఉన్నది అని అడిగితే చప్పట్లు తగ్గుతాయి. మాగాణిలో పెద్దపాలు దేవాలయాలకు, అగ్రహారాలకు, నాయంకరులకు దక్కింది. మెట్టపొలం మీద బతికిన రైతుకూ, ఏ పొలమూ లేని మాల మాదిగలకూ ఆ స్వర్ణయుగంలో కూడా ఆకాశమే దిక్కు. చెరువు కరువును తగ్గించింది, అంతరాన్ని తగ్గించలేదు.

1800 అక్టోబరులో నిజాం నవాబు, తాను పోషించవలసిన ఇంగ్లీషు సైన్యం ఖర్చుకింద, ఈ జిల్లాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలనే పేరు అలా పుట్టింది. ఆ పేరును వదిలించుకుని రాయలసీమ అనే పేరు పెట్టుకోవడానికి 1928 నంద్యాల సభ దాకా ఆగవలసివచ్చింది. ఇచ్చిన నవాబు గాని, పుచ్చుకున్న కంపెనీ గాని ఇక్కడి ప్రజలను అడిగిన పాపాన పోలేదు. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో పాలెగాళ్లను అణచి, పొలం పొలం కొలిపించి, రైతువారీ శిస్తు నిర్ణయించాడు. మన్రో మీద ఈ సీమలో ఇప్పటికీ భక్తి ఉన్నది. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని ప్రతీతి. ఆ భక్తిని వెక్కిరించను. పాలెగాడి కత్తి కింద బతికినవాడికి లెక్క ప్రకారం దోచుకునేవాడు దేవుడిలా కనిపించడంలో వింత లేదు. కాని మన్రో సొంత లెక్క ప్రకారమే ఆ శిస్తు మొత్తం పంటలో 45 శాతం దాకా ఉండింది. 1807లో జిల్లా విడిచి వెళుతూ, నూటికి ఇరవైఐదు వంతులు తగ్గించమనీ, రైతులు స్వయంగా తవ్వుకున్న బావుల కింద ఇంకొంత తగ్గించమనీ ఆయనే రాశాడు. కంపెనీ ఆ సిఫార్సును పక్కనపెట్టి ఊళ్లకు ఊళ్లను గుత్తకిచ్చింది. గుత్తేదారులు పిండినంత పిండి, చాలామంది తామూ దివాలా తీశారు. ఆ తగ్గింపు 1820లో, మన్రో మద్రాసు గవర్నరు అయిన తరువాతగాని అమలుకు రాలేదు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటున్నది. పంట పండినా ఎండినా శిస్తు రొక్కంగా కట్టాలి. మెట్టనేలలో మూడేళ్లకొకసారి పంట పోవడం కొత్త కాదు. అందుకే పాత రైతు ఒక మంచి ఏడు పండిన కొర్ర, ఆరిక, జొన్న గింజను పాతర్లలో పోసి చెడ్డ ఏటికి దాచేవాడు. రొక్కపు శిస్తు ఆ పాతరను ఖాళీ చేసింది. కళ్లంలోనే గింజ అమ్మి సర్కారుకు కట్టవలసివచ్చింది. చెడ్డ ఏడు వచ్చేసరికి పాతరలో గింజ లేదు, చేతిలో డబ్బు లేదు, షావుకారి వద్ద పత్రం మాత్రం ఉన్నది. 1853–54 కరువులో, 1866 కరువులో ఈ పరిస్థితి బయటపడుతూ వచ్చింది. పూర్తిగా బయటపడింది ధాత కరువులో.

ధాత నామ సంవత్సరం, అనగా 1876–77. ఆ ఏడు నైరుతి విఫలమైంది, ఈశాన్యమూ విఫలమైంది. మరుసటి ఈశ్వర నామ సంవత్సరంలో కూడా తొలకరి చాలా ఆలస్యమైంది. అప్పటికి అనంతపురం వేరు జిల్లా కాదు; బళ్ళారిలో భాగం. మద్రాసు రాజధాని మొత్తంలో అతి ఘోరంగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. తరువాత అనంతపురం జిల్లాగా ఏర్పడిన తాలూకాలలో 1871 జనగణనకూ 1881 జనగణనకూ మధ్య జనాభా దాదాపు ఐదోవంతు తగ్గింది. అంటే ఐదు గుడిసెల వీధిలో ఒక గుడిసె మనుషులు లేకుండా పోయారన్నమాట. పదేళ్లలో సహజంగా పెరగవలసిన జనాన్ని కూడా కలుపుకుంటే నష్టం ఇంకా ఎక్కువ. బ్రిటిషు పాలిత ప్రాంతాలలోనే యాభై లక్షలకు పైబడి మరణించారని 1880 నాటి కరువు కమిషన్ లెక్కగట్టింది.

అంతమంది చావడానికి దేశంలో గింజ లేకపోవడమే కారణమా? కాదనడానికి ఆనాటి దొరల రాతలే చాలు. గుత్తి, గుంతకల్లు మీదుగా మద్రాసు–బొంబాయి రైలుమార్గం 1871 నాటికే పూర్తయింది. రైలు ఉంటే కరువు ఉండదని ఆనాటి నమ్మకం. కాని రైలు ధర ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి గింజను చేరవేస్తుంది. ఆకలి ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి కాదు. కొనే శక్తి లేని ఊరికి రైలు వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే. పైగా లోపలి ఊళ్లలో మిగిలిన గింజ కూడా స్టేషనుకు చేరి, వర్తకుల గోదాములలో పడి, ధర రెండింతలు మూడింతలు అయ్యేదాకా కాచుకుని కూర్చున్నది. దేశం నుంచి ధాన్యం ఎగుమతులు ఆ ఏళ్లలో కూడా ఆగలేదు.

మద్రాసు ప్రభుత్వం 1876 చివర ముప్పైవేల టన్నుల ధాన్యం రహస్యంగా కొనబోయింది. వ్యాపారంలో జోక్యం చేసుకుంటారా అని వైస్రాయి ప్రభుత్వం దాన్ని మందలించింది. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ విక్టోరియా రాణికి భారత చక్రవర్తినీ బిరుదం ప్రకటించే దర్బారు నడిపిస్తున్నాడు. దర్బారు ముగిసీ ముగియకముందే, ఖర్చు తగ్గించే పని మీద సర్ రిచర్డ్ టెంపుల్ దక్షిణాదికి బయలుదేరాడు. ఈ టెంపుల్ కథ విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. 1873–74 బీహారు కరువులో ఇదే మనిషి బర్మా బియ్యం తెప్పించి, ఆకలి చావులను దాదాపు లేకుండా చేశాడు. అందుకు మెప్పు రావలసింది పోయి, దుబారా చేశావని లండను పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ పాఠం బాగా ఒంటబట్టించుకుని మద్రాసు వచ్చాడు. రాళ్లు కొట్టే పనికి వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను గింజ, ఒక అణా చాలునన్నాడు. ఆడమనిషికి, పిల్లవాడికి ఇంకా తక్కువ. మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టరు కార్నిష్, ఇది ప్రాణం నిలిపే తిండి కాదని అంకెలతో సహా వాదించాడు. కొన్ని నెలలకు కూలి కొద్దిగా పెంచారు. ఆ కొన్ని నెలలలో పోయినవారు పోయారు.

దయగలిగిన వ్యక్తి నిర్దయుడు కావడం వెనుక గుణదోషాల కంటె పెద్ద విషయం ఉన్నది. బీహారులో చావులు తప్పించవచ్చునని రుజువైంది. అయినా తప్పించకపోవడమే విధానమైంది. అఫ్గాన్ యుద్ధానికి ఖజానా కావాలి, ఇంగ్లండు మిల్లు బట్టల మీద సుంకం తగ్గాలి, దీనికి ఆడం స్మిత్ పేరుతో సమర్థన కావాలి. స్వేచ్ఛావ్యాపారమనే సిద్ధాంతం ఆకలిగొన్నవాడి కంచం దగ్గర మాత్రమే నిష్ఠగా పాటించబడింది.

ఎవరు చనిపోయారు అనే ప్రశ్నకు 1880 కమిషనే జవాబు చెప్పింది: ముందుగా కూలీలు, చేతివృత్తులవారు. సేద్యం ఆగితే కూలి ఆగుతుంది. రైతు కొనడం మానితే మగ్గం ఆగుతుంది. ఉరవకొండ మగ్గాల ఊరు అని గుర్తుంచుకుంటే దీని అర్థం మనకు మరింత దగ్గరగా తెలుస్తుంది. గింజ లేక కాదు, గింజ కొనే కూలి లేక చనిపోయారు. నూరేళ్ల తరువాత, 1981లో, అమర్త్య సేన్ తన కరువుల గ్రంథంలో సిద్ధాంతీకరించిన సంగతికి ముడిసరుకు మన జిల్లా చావులలోనే ఉండింది.

వాన మాట కూడా చెప్పాలి. లేకపోతే ప్రకృతిని పూర్తిగా ఎగరగొట్టానని శాస్త్రం చదివిన మిత్రులు ఆక్షేపించగలరు. 1877–78 నాటి వాతావరణ వైపరీత్యం ఒక్క దత్తమండలాలది కాదు. చైనా ఉత్తర ప్రాంతంలో, బ్రెజిల్ ఈశాన్యంలో కూడా అదే కాలంలో భీకర క్షామం. పసిఫిక్ సముద్ర జలాలు అసాధారణంగా వేడెక్కడం, అనగా ఎల్ నినో, దీనికి మూలమని ఇప్పుడు మనకు తెలుసు. ఆనాడు తెలియదు. సూర్యుని మీది మచ్చలకూ మద్రాసు కరువులకూ సంబంధం ఉన్నదని లాక్యర్, హంటర్ అనే ఇద్దరు పెద్దలు 1877లోనే రాశారు. కరువుకు బాధ్యుడు సూర్యుడని తేలితే, వైస్రాయి మీద కేసు కొట్టివేసినట్టే గదా! అయితే ఆ అన్వేషణ వృథా పోలేదు. 1904 నుంచి భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, రాబోయే ఋతుపవనాన్ని ముందుగా పసిగట్టాలనే ప్రయత్నంలో, దక్షిణ సముద్రాల మీద గాలి ఒత్తిడి ఊగిసలాటను కనిపెట్టాడు. నేటి ఋతుపవన సూచనలకు పునాదులలో అదొకటి. మన కరువు ప్రపంచానికి ఒక శాస్త్రాన్ని ఇచ్చింది. ప్రతిఫలంగా మనకు వచ్చింది సూచన మాత్రమే.

పంచాంగం పట్టుకుని కరువును లెక్కించేవారు నేటికీ ఉన్నారు. నందన 1832లో గుంటూరు డొక్కల కరువు తెచ్చింది, మళ్లీ 1952లో రాయలసీమ కరువు తెచ్చింది, చూశారా అంటారు. అదే పంచాంగంలో ధాత 1936లోనూ 1996లోనూ తిరిగి వచ్చింది. అప్పుడు ఐదోవంతు జనం చనిపోలేదే! సంవత్సరాలు తిరిగి వస్తాయి. పాలన మారితే చావులు తిరిగి రావు.

ధాత కరువు తరువాత కరువు కోడ్ వచ్చింది. ఎప్పుడు పనులు తెరవాలి, ఎంత కూలి ఇవ్వాలి, ఎప్పుడు మూయాలి అని రాసిపెట్టుకున్నారు. 1882లో అనంతపురం ప్రత్యేక జిల్లా అయినది. అక్కడి నుంచి ఏడు దశాబ్దాల పాటు కరువంటే ఈ జిల్లాలో రాళ్లు కొట్టడం, రోడ్లు వేయడం. కరువులో వేసిన రోడ్ల మీదనే మన ఊళ్లకు బస్సులు వచ్చినవి. 1951–53 కరువులో గంజి కేంద్రాలు తెరిచారు. స్వరాజ్యం వచ్చి ఐదేళ్లు. ముంత పట్టుకుని వరుసలో నిలబడ్డ స్వతంత్ర పౌరులు. సరిగ్గా ఆ కాలంలోనే, 1952 ఎన్నికలలో, అనంతపురం నియోజకవర్గంలో కమ్యూనిస్టు అభ్యర్థి తరిమెల నాగిరెడ్డి, కాంగ్రెసు ప్రముఖుడు నీలం సంజీవరెడ్డిని ఓడించాడు. ఆ ఓట్లన్నీ గంజి వరుసలోంచే వచ్చాయని నేననను. కాని కరువు మనిషి దేవుడికి మాత్రమే మొక్కుకుంటాడని రాసే కథకులు ఆ పెట్టెలను ఒకసారి తలచుకోవడం మంచిది.

ఇదే జిల్లాలో, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. కరువు కోడ్ నాటి పనికీ దీనికీ ఒక తేడా ఉన్నది, దాన్ని చిన్నదిగా చూడరాదు. అక్కడ పని సర్కారు దయ, అదీ మనిషి ఎంత చిక్కాడో పరీక్షించిన మీదట. ఇక్కడ చట్టం పనిని హక్కు అన్నది. ఆ హక్కును కూలి బకాయిలతో, కోతలతో ఎలా నీరుగార్చారో తెలిసినవారికి కూడా, 1877 నాటి ఒక పౌను గింజకూ 2005 చట్టానికీ మధ్యనున్న దూరం పోరాటాలు కొలిచిన దూరమని తెలియాలి.

ఇక వేరుశనగ. ఈ జిల్లా ఆధునిక చరిత్ర అంతా ఈ కాయలో ఉన్నదంటే అతిశయోక్తి కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క పందొమ్మిదవ శతాబ్దంలో తమిళ దేశపు దక్షిణ ఆర్కాటులో ఫ్రెంచి నూనె మిల్లుల కోసం పండి, తరువాత ఇరవయ్యో శతాబ్దంలో ఇటు పాకింది. రైతు దీన్ని మూర్ఖంగా పట్టుకోలేదు. ఎర్రనేలకు సరిపోతుంది, వాన కొంత తగ్గినా ఎంతో కొంత దక్కుతుంది, కాయ పోయినా పశువుకు కట్టె మిగులుతుంది, అన్నిటికంటె ముఖ్యంగా, అమ్మితే రొక్కం వస్తుంది. శిస్తుకు రొక్కం, అప్పుకు రొక్కం, పిల్లవాడి ఫీజుకు రొక్కం. బ్యాంకు కూడా బుడ్డల పంటకైతేనే ముందుగా అప్పిచ్చింది. ఆ విధంగా కొర్ర, సజ్జ, ఆరిక, ఉలవ, ఆముదం కలిసి పండిన చేను ఒకే పంట చేనుగా మారింది. లక్షల హెక్టార్లలో ఒకే మొక్క. టిండివనం పరిశోధన కేంద్రం 1940లో విడుదల చేసిన టీఎంవీ-2 రకాన్నే అరవై ఏళ్ల తరువాత కూడా ఇక్కడి రైతు విత్తుతూ ఉన్నాడంటే, మెట్ట సేద్యపు పరిశోధన మీద పాలకుల శ్రద్ధ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

కలగలుపు చేను ఒక విధమైన భీమా. ఆగస్టు ఎండకు ఒకటి పోతే సెప్టెంబరు వానకు మరొకటి నిలుస్తుంది. ఒకే పంట చేనులో ఆ భీమా రద్దయింది; తరువాత దాని స్థానంలో కంపెనీల భీమా వచ్చింది. అది నీ చేను పోయిందా అని అడగదు. నీ ప్రాంతపు సగటు దిగుబడి పోయిందా అని అడుగుతుంది. మళ్లీ సగటే! 2000 ఖరీఫులో కాండం కుళ్లు వైరస్ తెగులు రెండు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగను తుడిచిపెట్టింది. నష్టం 300 కోట్ల రూపాయలకు మించిందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఆ వైరస్‌కు ఆశ్రయమిచ్చింది గట్ల మీద పెరిగే వయ్యారిభామ కలుపు మొక్క, మోసుకువచ్చింది తామరపురుగు. చేలన్నీ ఒకే పంట కావడంతో దానికి అడ్డులేకపోయింది. ఆ ఏడు కరువు అనలేము. అయినా కరువు ఏటి కంటె తక్కువ చావులు కావు అవి. అంతకు ముందే, 1994లో, పామోలీన్ దిగుమతికి తలుపులు బార్లా తెరిచి, దేశంలోని నూనెగింజల రైతును మలేషియా, ఇండోనేషియా తోటలతో పోటీకి నిలబెట్టారు. పంట పండని ఏడు ధర ఉన్నా ప్రయోజనం లేదు. పండిన ఏడు ధర లేదు. 1990ల చివరి నుంచి ఈ జిల్లాలో సాగిన రైతు ఆత్మహత్యల పరంపరను వానలెక్కతో మాత్రమే చూసేవారు ఈ రెండవ లెక్కను దాచిపెడుతున్నారు.

బోరుబావుల సంగతి వేరే వ్యాసమే రాయదగినది. చెరువు ఊరుమ్మడి, బావి కుటుంబానిది, బోరు అదృష్టానిది. అనంతపురం అడుగున ఉన్నది గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలో ఎంత నీరుంటే అంతే. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు బండ్లు ఊళ్లో దిగి, రాత్రింబవళ్లు రాయి తొలిచి, నీళ్లు పడినా పడకున్నా అడుగుకింత అని వసూలు చేసుకుని వెళ్లినవి. రాయి పగులులో నీరు ఎవడు లోతుగా పోతే వాడిది. పదెకరాల చీనీతోట ఆసామి లోతుగా పోగలడు. రెండెకరాలవాడు మొదటి బోరుతోనే మునుగుతాడు. 2002లో వాల్టా చట్టం బోర్లకు అనుమతులు, మధ్య దూరాలు నిర్ణయించింది. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. ఒక చేత్తో తాళం, మరొక చేత్తో తాళంచెవి.

కాలువ మాటకు వస్తే, 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణ, పెన్నా జలాల వినియోగంలో రాయలసీమకు ప్రాధాన్యం ఇస్తామని కోస్తా నాయకులు సంతకం చేశారు. ఆంధ్రరాష్ట్రం వచ్చింది, ఒడంబడిక కాగితంగా మిగిలింది. కృష్ణా–పెన్నార్ పథకం వీగిపోయి నాగార్జునసాగరం వచ్చింది. తుంగభద్ర ఎగువ కాలువ అనంతపురానికి కొంత తడి తెచ్చింది గాని, పూడికతో ఆ జలాశయమే 133 టీఎంసీల నుంచి సుమారు 105కు కుంచించుకుపోయింది. 2024 ఆగస్టులో దాని 19వ గేటు కొట్టుకుపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ఇక్కడ మళ్లీ బెళుగుప్పకు వస్తాను. హంద్రీ–నీవా సుజల స్రవంతి మొదటి దశ చివరి మజిలీ అయిన జీడిపల్లి జలాశయం ఈ మండలంలోనే ఉన్నది. శ్రీశైలం వెనుక జలాలను మాల్యాల వద్ద ఎత్తి, మెట్లు మెట్లుగా పంపులతో పైకి తోసి, 216 కిలోమీటర్లు నడిపించి 2012 చివర్లో జీడిపల్లికి చేర్చారు. కృష్ణానీరు బెళుగుప్ప మెట్టకు రావడం చిన్న విషయం కాదు. దశాబ్దాల పాదయాత్రలు, ధర్నాలు, జైళ్లు దాని వెనుక ఉన్నాయి. వామపక్షాల పాత్ర కూడా ఉన్నది. కాని నీరు చేరిన తరువాత ఏమైంది అనేది ముఖ్యం. మొదటి దశ కింద కర్నూలులో 80 వేలు, అనంతపురంలో 1 లక్షా 18 వేల ఎకరాలు తడపాలి. ప్రధాన కాలువ పారుతూండగా, పొలానికి నీళ్లిచ్చే పిల్లకాలువలు ఏళ్ల తరబడి తవ్వలేదు. రైతులు కాలువ గట్టున మోటార్లు పెట్టి, పైపులు వేసుకుని తోడుకున్నారు. మోటారు ఉన్నవాడికి నీరు, లేనివాడికి దృశ్యం. జీడిపల్లి నుంచి రెండవ దశ కాలువ దక్షిణంగా సాగి పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయాన్ని నింపింది. అక్కడి నుంచి ఎర్రమంచి కార్ల కర్మాగారానికి నీళ్లు అందినవి. 2019 నాటికి కార్లు బయటికి వచ్చినవి. కర్మాగారం వద్దనేవాడిని కాను. కాని ఆ పైపులైను ఎంత వేగంగా పడిందో, పిల్లకాలువ ఎంత నిదానంగా నడిచిందో పక్కపక్కన పెట్టి చూస్తే, కరువు వాక్యంలో కర్త ఎక్కడ దాక్కున్నాడో కనిపిస్తాడు. పైగా ఈ నీరు వరద వచ్చిన ఏటి నీరు. బచావత్ ట్రిబ్యునల్ నికర కేటాయింపులలో దీనికి చోటు లేదు. 2014 విభజన చట్టం పదకొండవ షెడ్యూలులో పేరున్నది, అంతే.

మన సాహిత్యం ఈ కథలో ఎంతవరకు వచ్చిందో ఒక మాట. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' కరువు సీమ మనిషిని కావ్యనాయకుణ్ణి చేసింది. సింగమనేని నారాయణ కథలు ఆ మనిషి అప్పుల లెక్క కూడా చెప్పాయి. బండి నారాయణస్వామి 'శప్తభూమి' పాలెగాళ్ల కాలానికి వెళ్లి అడుగుకులాల బతుకును తవ్వింది. ఇన్ని వచ్చినా, కౌలురైతు మన కథల్లోకి ఇంకా సరిగా రాలేదు. రావలసిన అవసరం ఎంతో ఉన్నది.

ఎందుకంటే నేటి బెళుగుప్పలో కరువు భారం మోసేది అతడే. సొంతదారు బెంగళూరులోనో అనంతపురంలోనో ఉంటాడు. పొలం కౌలుకు తీసుకున్నవాడు విత్తనం కొంటాడు, ఎరువు కొంటాడు, వడ్డీకి తెస్తాడు, ముందుగానే కౌలు కడతాడు. పంట పోతే పెట్టుబడి రాయితీ, భీమా, రుణమాఫీ పాసుపుస్తకం వెంట పోతాయి; పాసుపుస్తకం సొంతదారు బీరువాలో ఉంటుంది. 2011లో ఒక చట్టం వచ్చింది, సాగుదారుకు గుర్తింపు కార్డు ఇస్తామన్నది. 2019లో మరొకటి వచ్చింది. అది సొంతదారు సంతకం ఉంటేనే కార్డు అన్నది. సంతకం పెడితే భూమి పోతుందని అతడి భయం, అడిగితే కౌలు పోతుందని ఇతడి భయం. ఫలితంగా కరువు మండలాల జాబితాలో ఊరి పేరు ఉంటుంది, పరిహారం జాబితాలో దున్నినవాడి పేరు ఉండదు. ధాత కరువులో చనిపోయినవారు ఏ రిజిస్టరులోనూ పేర్లతో లేరు, జనగణన తరుగులో మాత్రమే ఉన్నారు. 2019 చట్టం కింద కార్డు కోసం బెళుగుప్ప కౌలురైతు ఈ ఖరీఫులో కూడా తిరుగుతున్నది ఒక సంతకం కోసమే. కల్యాణదుర్గం, ఉరవకొండ మెట్టల మీద గాలిమరలు నిలబడిన చోట్ల కంపెనీలకు ఆ సంతకం ఎంత త్వరగా దొరికిందో మన విద్యార్థులు ఊళ్లకు వెళ్లి, సర్వే నంబరు వారీగా రాసుకురాదగిన విషయం.